జవాను పెళ్లి నుంచి ఫ్యామిలీ పెన్షన్ దాకా: గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్ల చర్చ

మహేంద్రతనయ (ఆదివారం, రాత్రి 9:10)

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం వైపు సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకునే జవాన్లు ఈ రోజుల్లో ఎక్కువ. ఏటా అవే ప్రశ్నలు పది చోట్ల అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒక్కచోట పెడదాం. ఒక్క మనవి: "మా బావకి ఇలా అయింది" లాంటి కథలు వద్దు. ఏ కాగితం కావాలి, ఎంత డబ్బు, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, అంతవరకే రాయండి.

మొదట పెళ్లి. తాళి కట్టిన రోజున ఊరికి పెళ్లైనట్టే గాని సైన్యానికి కాదు. యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డరు (జవాను వివరాల్లో మార్పుని నమోదు చేసే ఉత్తర్వు) వేయాలి, అది సర్వీసు కాగితాలు దాచే రికార్డు ఆఫీసుకి చేరాలి, జవాను సర్వీసు కాగితాల్లో భార్య పేరు, పుట్టిన తేదీ ఎక్కాలి. క్వార్టర్సు, డిపెండెంట్ కార్డు, మిలిటరీ ఆసుపత్రి, రేపు ఫ్యామిలీ పెన్షను, అన్నీ ఆ ఒక్క పంక్తి మీదే నడుస్తాయి. సెలవు అయ్యి బయల్దేరేటప్పుడు మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, భార్య ఆధార్, పాన్ పెట్టెలో పెట్టుకోవాలి. పచ్చడి సీసా మర్చిపోయేవాడు ఉండడు, సర్టిఫికెట్ మర్చిపోయేవాళ్లు బోలెడుమంది.

వంశధార గట్టు (ఆదివారం, రాత్రి 9:48)

అన్నా, కాగితాలు తీసుకెళ్లినా ఆగేది పేరు దగ్గరే. మన సరిహద్దువాళ్లకి ఈ తంటా మిగతావాళ్లకంటే రెండింతలు.

అమ్మాయి ఇంటిపేరు గొర్లె, పేరు లక్ష్మి అనుకోండి. సోంపేటలో చదివితే పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఒడిశా బడిలో చదివితే పేరు ముందు, ఇంటిపేరు చివర. ఇంగ్లీషు అక్షరాల్లో లక్ష్మిని మనవాళ్లు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఒడిశాలో ఎక్స్ పెట్టి రాస్తారు. వెంకటమ్మ అయితే మరీ: ఒడియా ఉచ్చారణలో వ కాస్తా బ అయిపోయి ఓటరు కార్డులో బెంకటమ్మ అని ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి ఆధార్ చేయిస్తే నాలుగో రూపం.

మనిషి ఒక్కతే అని మనకి తెలుసు, కంప్యూటరుకి తెలీదు. రక్షణ శాఖ పెన్షన్లు నడిపే స్పర్శ్ పోర్టల్లో అక్షరం అక్షరం కలవాలి.

వరస ఇలా పెట్టుకోండి. పెళ్లికి ముందే పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం ఆధార్ సరిచేయించండి. ఆ ఆధార్‌ని బట్టి పాన్. ఆ రెంటిని బట్టి పెళ్లి రిజిస్ట్రేషన్. దాన్ని బట్టి పార్ట్ టూ ఆర్డరు. చివరలో బ్యాంకు. తలకిందులుగా, ముందు పార్ట్ టూ వేయించేసి తరవాత ఆధార్ మార్చారో, మళ్లీ మొదటికి రావాల్సిందే. పెళ్లి తరవాత ఇంటిపేరు మార్చాలని చట్టంలో ఎక్కడా లేదు. మార్చకపోవడమే సుఖం.

బహుదా ఒడ్డు (ఆదివారం, రాత్రి 10:15)

మేనరికం సంగతి ఎవరూ రాయలేదు. మేనమామకి మేనకోడల్ని ఇవ్వడం, బావామరదళ్ల పెళ్లి మనకి మామూలే. ఇచ్ఛాపురంలో రిజిస్టరు చేయించేటప్పుడు దాని గురించి ఎవరూ అడగరు. ఒడియావాళ్లలో ఆ ఆచారం లేదు కాబట్టి సరిహద్దు దాటితే "నిషిద్ధ బంధుత్వం" అని ప్రశ్న రావచ్చు. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 5లోనే దీనికి జవాబు ఉంది: వరుడు, వధువు ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. కులపెద్దల సంతకాలతో ఆచారం గురించి ఒక కాగితం, కుటుంబంలో ఇంతకుముందు జరిగిన మేనరికాల రుజువులు పట్టుకెళ్లండి. ముఖ్యంగా, బంధుత్వం దాచి దరఖాస్తు పెట్టొద్దు. దాచిన సంగతి ఇరవై ఏళ్ల తరవాత పెన్షను తగాదాలో మరిది నోట బయటికొస్తుంది.

పాత గుమాస్తా (సోమవారం, ఉదయం 6:30)

పేరు ఎక్కింది కదా అని ఊరుకోకండి. నామినేషన్లు వేరు.

భర్తీ అయిన రోజున కుర్రాడికి పెళ్లి కాదు కాబట్టి గ్రూప్ ఇన్సూరెన్సు, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ అన్నిట్లో అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటుంది. పెళ్లయ్యాక అవి వాటంతట అవి మారవు. ఒక్కొక్కటి విడిగా మార్పించాలి. అత్తా కోడళ్ల మధ్య పెద్ద గొడవ పుట్టేది ఇక్కడే. కోడలికి మొత్తం రాస్తే తల్లికి కడుపుమంట, రాయకపోతే కోడలికి భయం. ఇన్సూరెన్సులో ఇద్దరికీ వాటాలు రాసే వీలుంది, ఆ పని ఇద్దరి ఎదుటా చేసి, నకలు ఇంట్లో పెట్టండి. ఫ్యామిలీ పెన్షను మాత్రం నామినేషనుతో పోదు. నిబంధన ప్రకారం ముందు భార్యకే. మామగారు ఎంత గట్టిగా అడిగినా అది వాటాలు వేసుకునే ఆస్తి కాదు.

బ్యాంకు ఖాతా భార్యతో ఉమ్మడిగా, "ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు" పద్ధతిలో ఉండాలి. రేపు ఫ్యామిలీ పెన్షను అదే ఖాతాలో పడుతుంది, కొత్త ఖాతా అక్కర్లేదు.

రికార్డు ఆఫీసు ఎక్కడని అడుగుతుంటారు. జవాను పోస్టింగు ఊరు కాదు, అతని రెజిమెంటుని బట్టి. మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఇ.ఎం.ఇ.కి సికింద్రాబాద్, మద్రాస్ సాపర్లకి (ఇంజనీర్ల దళం) బెంగళూరు. ఆర్మీ నంబరు, రెజిమెంటు పేరు ఇంటి గోడ మీద రాసి పెట్టమంటాను నేను, క్యాలెండర్ పక్కనే.

కొత్త పెళ్లిపెద్ద (సోమవారం, ఉదయం 8:05)

అగ్నివీరు సంబంధం వచ్చింది అమ్మాయికి. చిల్కాలో ట్రైనింగ్ అయింది, నేవీ. "ఇప్పుడే పెళ్లి చేసేద్దాం, ఆఫీసులో చెప్పకపోతే సరి" అంటున్నారు అటువాళ్లు. ఏటి చెయ్యమంటారు?

పాత గుమాస్తా (సోమవారం, ఉదయం 8:40)

చెయ్యొద్దండి. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోనని రాసిచ్చి చేరతారు. దొరికితే ఇంటికి పంపేస్తారు. దాచి చేస్తే ఇంకో నష్టం: ఆ నాలుగేళ్లలో భర్తకి ఏమైనా అయితే భార్యగా మీ అమ్మాయి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. నిశ్చితార్థం చేసి తాంబూలాలు పుచ్చుకుని ఆగండి.

లెక్క కూడా చూసుకోండి. 2022లో అగ్నివీరుల పథకం ప్రకటించినప్పటి అంకెలు ఇవి: మొదటి ఏడాది నెలకి 30,000, తరవాత 33,000, 36,500, 40,000. ఇందులో 30 శాతం నిధికి పోగా చేతికి వచ్చేది 21,000 నుంచి 28,000. నాలుగేళ్లకి కోత 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో సుమారు 11.71 లక్షలు. పన్ను లేదు. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుల వైద్య పథకం లేదు. 48 లక్షల బీమా ఉంది, సర్వీసులో ఉన్నంతకాలమే. శాశ్వతంగా తీసుకునేది గరిష్ఠంగా నాలుగోవంతు మందిని.

అందుకని "మిలిటరీ ఉద్యోగం, జీవితాంతం పెన్షను" అన్న లెక్కతో కట్నం మాట్లాడేవాళ్లుంటే ఈ అంకెలు ముందు పెట్టండి. కట్నమే నేరమన్నది వేరే సంగతి.

జయపురం జంక్షన్ (సోమవారం, మధ్యాహ్నం 1:20)

కాపురం ఎక్కడ అన్నది తేల్చకుండా పెళ్లి చేసేస్తారు మనవాళ్లు. రెగ్యులర్ జవానుకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్. రెండూ కలిపి ఒకేసారి తీసుకోకూడదు. ముక్కలుగా తీసుకుంటే ప్రతిసారీ రానూపోనూ ప్రయాణం. జమ్ము వైపు నుంచి బరంపురం రావడానికే రెండు మూడు రోజులు.

ఫీల్డ్ పోస్టింగులో, అంటే సరిహద్దు లాంటి చోట్ల, కుటుంబాన్ని ఉంచుకోలేరు. పీస్ స్టేషనుకి, అంటే మామూలు కంటోన్మెంటుకి, మారాక క్వార్టరుకి వరసలో పేరు రావాలి. అది ఒకటి రెండు నెలల్లో రావచ్చు, ఏడాది పట్టొచ్చు. తీరా వచ్చి సామాను సర్దుకున్నాక రెండున్నర మూడేళ్లకి మళ్లీ కదలాలి. పెళ్లి చూపుల్లో అడగాల్సింది జీతం ఎంత అని కాదు. "ఇప్పుడు ఫీల్డా పీసా, ఎన్నాళ్లయింది, తరవాత ఎటు?" ఈ మూడే.

పిల్లల చదువుకి కేంద్రీయ విద్యాలయమే గట్టి దారి. బదిలీ అయినప్పుడు ఒక కే.వి. నుంచి ఇంకో కే.వి.కి మధ్యలో కూడా చేర్చుకుంటారు. ఇక్కడ ఒడియా మీడియంలో మూడేళ్లు చదివిన పిల్ల అంబాలా వెళ్లి హిందీలో లెక్కలు అందుకోలేక పోవడం మామూలు. చిన్న తరగతిలోనే మార్చేయండి.

తెల్ల కాగితం (సోమవారం, సాయంత్రం 6:00)

ఇక చేదు సంగతి. భర్త డబ్బు పంపకపోతే?

చాలామందికి పోలీసు స్టేషను, కోర్టు తప్ప వేరే దారి తెలీదు. ఆర్మీలో అయితే భార్య నేరుగా కమాండింగ్ ఆఫీసరుకి దరఖాస్తు పెట్టొచ్చు. పెళ్లి రుజువు, పిల్లల జనన ధ్రువపత్రాలు, తనకి ఆదాయం ఏమాత్రం ఉందో రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. జవానుకి నోటీసు ఇచ్చి, జవాబు విని, పైఅధికారి ఉత్తర్వు వేస్తారు. భార్యకి జీతంలో 22 శాతం దాకా, ఒక్కో పిల్లకి 5.5 శాతం, మొత్తం కలిపి 33 శాతం దాటకుండా జీతంలోంచే కోసి పంపుతారు. ఆర్మీ చట్టంలోనే ఈ కోతకి అధికారం ఉంది. లాయరు ఖర్చు లేదు. పార్ట్ టూ ఆర్డరు ఉంటే పెళ్లి రుజువు వెతుక్కునే పని కూడా లేదు, అందుకే పైన అంత మొత్తుకున్నారు.

కోర్టుకే వెళ్లాలంటే, భార్య తానుంటున్న ఊరి పరిధిలోనే విడాకుల పిటిషను వేసుకోవచ్చు. పుట్టింటికి పర్లాకిమిడి వచ్చేస్తే కేసు కోసం జోధ్‌పూర్ పోనక్కర్లేదు. అటు జవానుకి కూడా ఒక రక్ష ఉంది: 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం. యుద్ధ పరిస్థితుల్లోనో, ప్రత్యేక విధుల్లోనో ఉన్నాడని యూనిట్ ధ్రువీకరిస్తే కోర్టు కేసుని ఆపి ఉంచాలి. అతను రాలేని సమయంలో ఒకవైపు వాదన మాత్రమే విని తీర్పు రాకుండా.

బహుదా ఒడ్డు (సోమవారం, సాయంత్రం 6:35)

రెండో పెళ్లి గురించి కూడా చెప్పండి గుమాస్తా గారూ. "పెద్దమనుషుల్లో తెగదెంపులు అయ్యాయి" అని ఇంకొకావిడని తెచ్చుకునేవాళ్లు ఉన్నారు.

పాత గుమాస్తా (సోమవారం, రాత్రి 8:10)

పంచాయితీ కాగితం ఉందని చెప్పుకుంటే సైన్యంలో నడవదు. విడాకుల ఆచారం ఉన్న కులాలకి కూడా ఆ ఆచారాన్ని కోర్టులో రుజువు చేసి డిక్రీ తెచ్చుకోవడమే క్షేమం. మొదటి పెళ్లి రద్దు కాకుండా చేసుకుంటే ఉద్యోగం మీదికి వస్తుంది. రెండో ఆవిడకి ఫ్యామిలీ పెన్షను రాదు, ఆమె పిల్లలకి మాత్రం హక్కు ఉంటుంది. ఇరవై ఏళ్లు వండిపెట్టిన మనిషి ఖాళీ చేతుల్తో మిగిలిపోతుంది. ఎవరైనా పిల్లనిచ్చే ముందు డిక్రీ నకలు అడగండి, మొహమాటం వద్దు.

వంశధార గట్టు (మంగళవారం, ఉదయం 7:15)

ఇంటికి వచ్చేశాక వచ్చే కష్టాల మీద కూడా మాట్లాడాలి. జవాను ముప్పై ఎనిమిది, నలభై ఏళ్లకే రిటైరై వస్తాడు. పదిహేనేళ్లుగా బ్యాంకు, పొలం, పిల్లల ఫీజులు, అత్తమామల మందులు, అన్నీ భార్య చేతి మీద నడిచాయి. ఈయన వచ్చి హవల్దారు హోదాలో ఇంటిని చక్కబెట్టడం మొదలుపెడతాడు. ఉదయం ఐదింటికి పిల్లల్ని లేపడం, చెప్పుల వరస, లెక్కల పుస్తకం. గొడవ మొదలయ్యేది చెప్పుల దగ్గరే, నవ్వకండి. మొదటి ఆరు నెలలు ఇంటి పద్ధతి ఏదీ మార్చనని ఒప్పుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

రెండోది డబ్బు. చివరి జీతం 40,000 అనుకోండి. పెన్షను 20,000. సగం దాకా అమ్ముకుని ముందే ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు, అదే కమ్యుటేషన్. అమ్మితే నెలనెలా మిగిలేది 10,000, దానికి పూర్తి 20,000 మీద కరువు భత్యం. అమ్మిన భాగం 15 ఏళ్లకి తిరిగి కలుస్తుంది. ఒకేసారి కమ్యుటేషన్, గ్రాట్యుటీ, గ్రూప్ ఇన్సూరెన్సు, 300 రోజుల దాకా మిగిలిన సెలవుల డబ్బు చేతికొస్తాయి. ఆ నెలలో బంధువులంతా బాగా గుర్తుపెట్టుకుంటారు.

రాయగడ, కొరాపుట్ వైపు స్థలం కొనే ముందు ఒక్కటి. అవిభక్త కొరాపుట్ (ఇప్పటి కొరాపుట్, రాయగడ, నవరంగ్‌పూర్, మల్కాన్‌గిరి జిల్లాలు) అంతా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ 2 ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మితే చెల్లదు. తెల్ల కాగితం మీద రాయించుకుని ఇల్లు కట్టినా భూమి తిరిగి పోతుంది. రిటైర్మెంట్ సొమ్ము ఇలా మునిగితే ఆ ఇంట్లో ఇక ప్రశాంతత ఉండదు.

గోపాల్‌పూర్ గాలి (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

తాగుడు సంగతి. ఆర్మీ క్యాంటీన్లో ఇచ్చే మద్యం కోటా చౌక కాబట్టి నెల కోటా నెలలోనే అయిపోతుంది. ఇంట్లోవాళ్లు చేసే పెద్ద పొరపాటు, ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపించేయడం. దేవుడి దగ్గర ఒట్టు వేయించి, తాడు కట్టించి, గదిలో పెడతారు.

ఆపిన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండో మూడో రోజున లేని మనుషులు కనిపించడం, ఊరూ పేరూ గుర్తులేకపోవడం, జ్వరం. దాన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ప్రాణం పోవచ్చు. అది ఆసుపత్రి కేసు. ఆపాలనుకుంటే ముందు డాక్టరు దగ్గరికి, బి1 విటమిను, వణుకు తగ్గించే మందుల మీద అయిదారు రోజుల్లో దింపుతారు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక విభాగం ఉంది.

నిద్ర పట్టకపోవడం, అరిచి లేవడం, దీపావళి టపాకాయకి ఉలిక్కిపడి గోడకి ఆనుకోవడం, అన్నం దగ్గర కూడా తలుపు వైపు మొహం పెట్టి కూర్చోవడం నెల దాటి ఉంటే అది కోపం కాదు, పొగరు కాదు. వైద్యం ఉంది. మందు పని చేయడానికే రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే మానేయొద్దు. 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను లైను టెలీమానస్, డబ్బు లేదు, ఇరవై నాలుగు గంటలు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. సైనికుల కుటుంబాల కోసం దానికి పుణె సాయుధ దళాల వైద్య కళాశాల (ఏ.ఎఫ్.ఎం.సి.)లో ప్రత్యేక విభాగం కూడా 2023 డిసెంబరులో పెట్టారు.

జయపురం జంక్షన్ (మంగళవారం, మధ్యాహ్నం 1:05)

కానీ అన్నా, సర్వీసులో ఉండగా చెప్తే మెడికల్ కేటగిరీ దించేస్తారని భయం. ప్రమోషను ఆగుతుంది. దాచుకోమనేవాళ్లే ఎక్కువ.

గోపాల్‌పూర్ గాలి (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

భయం నిజమే, కాదనను. సైన్యం ఆరోగ్యానికి ఇచ్చే షేప్ గ్రేడింగులో మొదటి అక్షరమే మనసుకి సంబంధించింది, అది ఒకటి నుంచి దిగితే కొన్ని పోస్టింగులు, కోర్సులు పోతాయి. మరోవైపు చూడండి. రేపు డిసేబిలిటీ పెన్షను అడిగితే, ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది లేదా సర్వీసులో ముదిరింది అని చూపాలి, వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. సర్వీసు ఆసుపత్రి కాగితంలో ఒక్క ముక్క లేకుండా ఇంటికొచ్చి బయట డాక్టరు చీటీ చూపిస్తే ఎవరు నమ్ముతారు? సెలవులో వచ్చి గుట్టుగా బయట మందులు వాడేవాడికి రెండువైపులా నష్టం.

తిరస్కరిస్తే ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు. ఆ తరవాత సాయుధ దళాల ట్రిబ్యునలు. రిటైరైనవాడు ఉంటున్న ఊరిని బట్టి బెంచి: ఇచ్ఛాపురంలో ఉంటే చెన్నై, పది పదిహేను మైళ్లు ఇవతల బరంపురంలో ఉంటే కోల్‌కతా. ఆధార్ చిరునామా ఎటుందో ముందే చూసుకోండి.

తెల్ల కాగితం (మంగళవారం, రాత్రి 9:00)

ఫ్యామిలీ పెన్షను అంకెలు పెట్టేస్తాను. పైన అన్న 40,000 జీతమే తీసుకోండి. రిటైరయ్యాక భర్త చనిపోతే ఏడేళ్లు, లేదా ఆయనకి 67 నిండే రోజు, ఏది ముందైతే అంతవరకు 20,000. ఆ తరవాత 30 శాతం, అంటే 12,000. రెంటికీ కరువు భత్యం అదనం. సర్వీసులో ఉండగా పోతే పెంచిన రేటు పదేళ్లు. మరణం సర్వీసు కారణంగా అయితే 60 శాతం, యుద్ధ మరణమైతే పూర్తి జీతం. కమ్యూట్ చేసిన సగం తాలూకు కోత భార్య మీద పడదు, చాలామంది పడుతుందనుకుని భయపడతారు.

చేయాల్సింది: మరణ ధ్రువపత్రంలో ఆయన పేరు పి.పి.ఓ.లో (పెన్షను మంజూరు ఉత్తర్వు) ఉన్నట్టే రాయించడం, స్పర్శ్‌లో మరణం నమోదు, ఆమె ఆధార్, పాన్, బ్యాంకు. అప్పటిదాకా ఖాతాలో పడుతున్న పెన్షను తీసి వాడేస్తే తరవాత వెనక్కి కట్టాలి. కర్మకాండ ఖర్చుకి అదే తీస్తుంటారు, జాగ్రత్త.

మాజీ సైనికుల వైద్య పథకం కార్డు ఉంటే భార్యకి కొనసాగుతుంది. హవల్దారు దాకా ఒకేసారి కట్టేది 30,000, జె.సి.ఓ.లకి (సుబేదారు లాంటి ర్యాంకులు) 67,000. ప్యానెల్లో లేని ఆసుపత్రికి అత్యవసరంగా తీసుకెళ్తే రెండు రోజుల్లో ఆ పథకం పాలిక్లినిక్‌కి చెప్పాలి, లేకపోతే బిల్లు చేతి మీదే.

బహుదా ఒడ్డు (మంగళవారం, రాత్రి 9:25)

కేంద్రీయ సైనిక బోర్డు సాయం 2025 నవంబరు నుంచి రెట్టింపైంది. కూతురి పెళ్లికి లక్ష (ఇద్దరు కూతుళ్ల వరకు, హవల్దారు, ఆ కింద ర్యాంకులకి), పెళ్లైన 180 రోజుల్లోపు దరఖాస్తు. పెన్షను లేని 65 దాటినవాళ్లకి నెలకి 8,000. పిల్లల చదువుకి నెలకి 2,000. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరు: ఇంటర్‌లో 60 శాతం ఉండి ఇంజనీరింగ్ లాంటి కోర్సులో చేరితే అమ్మాయికి నెలకి 3,000, అబ్బాయికి 2,500. అన్నిటికీ జిల్లా సైనిక బోర్డులో పేరు ఉండాలి. శ్రీకాకుళం నుంచి భర్తీ అయ్యి ఇప్పుడు గంజాంలో ఉంటుంటే అక్కడి నుంచి ఎన్.ఓ.సి. (అభ్యంతరం లేదన్న కాగితం) తెచ్చి ఇక్కడ ఎక్కించుకోండి.

కొత్త పెళ్లిపెద్ద (బుధవారం, ఉదయం 6:50)

అందరికీ దండాలు. ఇంకొక్కటి. మా పెద్దమ్మగారి పి.పి.ఓ.లో పుట్టిన తేదీ బదులు ఏడాది మాత్రమే ఉందట. ఆధార్లో పూర్తి తేదీ. పెదనాన్న బతికే ఉన్నారు. ఏటి చెయ్యాలి?

పాత గుమాస్తా (బుధవారం, ఉదయం 7:30)

ఆయన బతికుండగానే చేయించండి, అదే అదృష్టం. ఆయన లాగిన్ నుంచి స్పర్శ్‌లో భార్య వివరాల సవరణకి అభ్యర్థన పెట్టాలి, ఆమె ఆధార్, పాన్, పదో తరగతి ఉంటే అది, లేకపోతే జనన ధ్రువపత్రం జోడించాలి. రికార్డు ఆఫీసు అడిగితే అఫిడవిట్. లాగిన్ రాకపోతే కామన్ సర్వీస్ సెంటరులో చేస్తారు, పి.పి.ఓ. నకలు, ఆయన ఫోను, ఓటీపీ కోసం, వెంట ఉండాలి. పనిలో పని ఆయన లైఫ్ సర్టిఫికెట్ తేదీ కూడా చూడమనండి. వేలిముద్ర పడకపోతే కళ్ల స్కానింగ్ అడగండి.